టెంపే, టోఫు బాచెమ్: అపోహలు - వాస్తవాలు

ఇండోనేషియాలోని మధ్య జావాలో, ముఖ్యంగా యోగ్యకర్తా, సోలో నగరాల్లో ఇంటింటా వండే వంటకం బాచెమ్. టెంపే (బూజుతో పులియబెట్టిన సోయా గింజల అచ్చు), టోఫు (సోయా పాలతో చేసే పన్నీరు లాంటిది) ముక్కలను కొబ్బరి నీళ్లు, తాటిబెల్లం, ధనియాలతో ఇగరబెట్టి, చివర్లో కాస్త వేయిస్తారు. వంట నేర్పేటప్పుడు దీని గురించి నేను తరచూ వినే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ముందు వేయించాలి, తర్వాత పాకం పట్టించాలి.

వాస్తవం: వరుస తలకిందులైంది. ముందే వేయిస్తే ఆ కరకరలాడే పొర పులుసులో నాని మెత్తబడుతుంది, నూనె ఖర్చు వృథా. పచ్చి ముక్కలనే గిన్నెలో పరవాలి. టెంపే, టోఫు చెరో 300 గ్రాములు తీసుకుంటే అర లీటరు కొబ్బరి నీళ్లు, 100 గ్రాముల తాటిబెల్లం, 6 చిన్న ఉల్లిపాయలు, 4 వెల్లుల్లి రెబ్బలు, పెద్ద చెంచాడు ధనియాలు నూరిన ముద్ద, ఉసిరికాయంత చింతపండు, ఉప్పు సరిపోతాయి. ముక్కలు మునగకపోతే కొంచెం మంచినీళ్లు కలపండి.

సన్నని సెగ మీద ముప్పావు గంట పడుతుంది. మొదట్లో బుడగలు చిన్నవిగా, చురుగ్గా లేస్తాయి. బెల్లం చిక్కబడే కొద్దీ అవి పెద్దవై బద్ధకంగా పగులుతాయి, టోఫు అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి. ఈ దశలో గరిటెతో కలిపారో, టోఫు మూలలు విరిగిపోతాయి. గిన్నెను రెండు చేతులా పట్టుకుని వంచుతూ తిప్పితే చాలు. నీరంతా ఇగిరాక ముక్కలను జల్లెడలో వేసి ఆరనివ్వండి. తడి ఉంటే నూనె చిందుతుంది. ఇక వేయించడమంటారా, ఒక్కో వైపు నిమిషం చాలు. బెల్లం పట్టిన ముక్క చూస్తుండగానే మాడుతుంది.

అపోహ: లేత కొబ్బరి బొండాలు కొనాలి.

వాస్తవం: అక్కర్లేదు. ముదురు కొబ్బరికాయ కొట్టినప్పుడు వచ్చే నీళ్లే దీనికి తగినవి. పచ్చడికో పూజకో కాయ కొట్టిన రోజున పారబోయకుండా పట్టి ఉంచండి.

అపోహ: టెంపే మీద నల్లమచ్చలుంటే పాడైనట్టే.

వాస్తవం: టెంపేలో సోయా గింజలను అచ్చుగా కలిపి పట్టి ఉంచేది రైజోపస్ అనే బూజు. అది ముదిరి బీజాలు కట్టినప్పుడు బూడిదరంగు, నలుపు మచ్చలు కనిపిస్తాయి, తినడానికి ఇబ్బంది లేదు. బంకగా జారినా, ఘాటైన అమ్మోనియా వాసన వచ్చినా, గులాబీ, నారింజ, ఆకుపచ్చ రంగులు తేలినా పారేయండి. బాగా మాగిన టెంపేను జావావాళ్లు కావాలనే కొన్ని కూరల్లో వాడతారు. ఆ రుచి అలవాటు లేనివారు జోలికి పోకపోవడమే మేలు.

అపోహ: బాచెమ్‌లో సువాసన కోసం వేసే సలామ్ ఆకు బదులు బిర్యానీ ఆకు వేస్తే అదే రుచి.

వాస్తవం: సలామ్ చెట్టు మన నేరేడుకు చుట్టం, బిర్యానీ ఆకుకు కాదు. దొరక్కపోతే మానేయండి. బిర్యానీ ఆకు వేస్తే జావా వంట కాస్తా పలావు వాసన కొడుతుంది. అల్లం జాతికి చెందిన గలంగల్ దుంప ముక్క దొరికితే మాత్రం చితక్కొట్టి తప్పక వేయండి.

అపోహ: ఏ టోఫు అయినా ఒకటే.

వాస్తవం: పెరుగులా జారే మెత్తని టోఫు ఇందులో నిలవదు. గట్టిదే కావాలి.

అపోహ: ఇండోనేషియా వంట కాబట్టి కారం దంచాలి.

వాస్తవం: బాచెమ్ తియ్యగానే ఉంటుంది. కారం కావలసినవారు చిన్న పచ్చిమిరపకాయను పక్కన కొరుక్కుంటారు.

అపోహ: శాకాహారులకు టెంపే తింటే విటమిన్ బి12 లోటు ఉండదు.

వాస్తవం: ప్రోటీన్ విషయంలో టెంపేకు వంక పెట్టలేం. బి12 కోసం మాత్రం దాన్ని నమ్ముకోకూడదు. అందులో ఉండే మోతాదు తయారీని బట్టి మారుతుంది, ఒక్కోసారి దాదాపు ఏమీ ఉండదు.

అపోహ: చేసిన వెంటనే తినేయాలి.

వాస్తవం: ఇగరబెట్టిన ముక్కలను వేయించకుండా మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మూడు రోజులు నిలుస్తాయి. మర్నాటికి రుచి ఇంకా లోతుగా పడుతుంది. తినే ముందు కావలసినన్ని తీసి వేయించుకోండి, లేదా యోగ్యకర్తా వీధి బండ్లవాళ్లలా నిప్పుల మీద కాల్చుకోండి.