పిల్లల దిగులు కడుపునొప్పిగా వచ్చిన రోజులు

కర్ణాటకలో ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలు మళ్లీ బడి బెంచీ మీద కూర్చున్నది 2021 అక్టోబర్ 25న. కరోనా వల్ల 2020 మార్చిలో మూసిన బడి అది, అంటే దాదాపు 19 నెలలు. మధ్యలో ఒకటో తరగతిలో చేరిన పిల్ల తన టీచరును ఎదురుగా చూసేసరికి రెండో తరగతికి వచ్చేసింది. బెంగళూరులో మారతహళ్లి, కె.ఆర్.పురం వైపు తెలుగు ఇళ్లలో ఇంకో చిక్కు. బడి లేకపోతే పిల్లల్ని అనంతపురమో మదనపల్లో అమ్మమ్మ దగ్గరికి పంపడం అలవాటు. లాక్‌డౌన్‌లో రాష్ట్రాల సరిహద్దులు మూసేశారు కాబట్టి ఆ దారీ పోయింది.

అప్పట్లో పెద్దల దిగులంతా చదువు గురించే. అది న్యాయమైన దిగులే. కానీ బడి పిల్లలకు పాఠాలతోపాటు ఒక వేళనూ ఇస్తుంది. పొద్దున లేవడానికి, ఆకలి వేయడానికి, అలసిపోవడానికి, నిద్రపోవడానికి ఒక వేళ. ఇంట్లోవాళ్లు కాకుండా బయట రోజూ తనను గమనించే ఒక పెద్ద మనిషినీ ఇస్తుంది. ఈ రెండూ పోయినప్పుడు పిల్లల మనసు ఎలా కుంగుతుందో, దాన్ని ఎలా తిరిగి నిలబెట్టాలో తెలిసి ఉంటే మళ్లీ ఎప్పుడు బడి ఎక్కువకాలం మూసినా పనికొస్తుంది.

ముందు ఎంతమందికి అన్న సంగతి. మహమ్మారి మొదటి ఏడాదిలో వివిధ దేశాల్లో జరిగిన 29 అధ్యయనాలను, మొత్తం 80,879 మంది పిల్లల సమాచారాన్ని కలిపి 2021లో లెక్క కట్టారు. కుంగుబాటు లక్షణాలు ఎక్కువగా ఉన్నవాళ్లు 25.2 శాతం, ఆందోళన లక్షణాలు ఎక్కువగా ఉన్నవాళ్లు 20.5 శాతం. అంతకుముందు అంచనాలకు ఇవి దాదాపు రెట్టింపు. అయితే ఇవి ప్రశ్నాపత్రాల్లో తేలిన లక్షణాలు. నలుగురిలో ఒకరికి జబ్బు వచ్చిందని అర్థం కాదు. ఎవరికైనా వానాకాలంలో జలుబు చేసినట్టే చాలామందికి మనసు నలిగింది, వాళ్లలో ఎక్కువమంది కోలుకోగలిగినవాళ్లే. బడిలో ఏడిపించే తోటిపిల్లల నుంచి తప్పించుకుని ఇంట్లో హాయిగా ఉన్న పిల్లలూ ఉన్నారు. వాళ్లకు కష్టం బడి తెరిచిన రోజున మొదలైంది.

ఇక వేళ సంగతి. మనిషి లోపలి గడియారం సరిగ్గా 24 గంటలకు తిరగదు, సగటున కొద్ది నిమిషాలు ఎక్కువే తీసుకుంటుంది. పొద్దుటి వెలుతురు కంట పడినప్పుడల్లా మెదడు దాన్ని ముందుకు సర్దుకుంటుంది. ఆరుబయట నీడలో నిలబడినా పది వేల లక్సుల (లక్సు అంటే వెలుతురును కొలిచే కొలత) వెలుతురు ఉండొచ్చు. ట్యూబులైటు వేసిన గదిలో అది రెండు మూడు వందలు దాటడం కష్టం. కర్టెన్లు వేసిన అపార్ట్‌మెంటు గదిలో పది గంటలకు లేచి, మంచం మీదే ఆన్‌లైన్ క్లాసు విని, రాత్రి ఒంటిగంట దాకా ఫోను చూసే పిల్లవాడికి లోపలి గడియారాన్ని సర్దే సంకేతం ఏదీ అందదు. పన్నెండు దాటిన పిల్లల్లో ఆ గడియారం సహజంగానే ఇంకా వెనక్కి జరుగుతుంది. నిద్ర చెడితే కోపం, ఏడుపు, మతిమరుపు వాటంతటవే వస్తాయి. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, పదమూడు దాటినవాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి.

దీన్ని సరిచేసేటప్పుడు దాదాపు ప్రతి ఇంట్లోనూ జరిగే పొరపాటు, పడుకునే వేళతో మొదలుపెట్టడం. నిద్ర రాని పిల్లను తొమ్మిదింటికి చీకటి గదిలోకి తోస్తే రెండు గంటలు కళ్లు తెరుచుకుని దిగులుపడుతుంది. నాలుగు రోజులు అలా గడిస్తే మంచం చూస్తేనే దిగులు. లేచే వేళతో మొదలుపెట్టాలి. రోజుకు 15 నిమిషాల చొప్పున ముందుకు జరపండి. పదింటికి లేచే పిల్ల ఆరున్నరకు రావడానికి 14 రోజులు పడుతుంది, తొందరపెట్టకండి. లేచిన గంటలోపు 20, 30 నిమిషాలు ఆరుబయట ఉండాలి. మబ్బు పట్టిన బెంగళూరు ఉదయమైనా గది కన్నా మేలే. మేడ మీద మొక్కలకు నీళ్లు పోయడం, పాలపాకెట్టు తేవడం లాంటి పని ఏదైనా అప్పగిస్తే సరి. ఫోను రాత్రి ఛార్జింగు హాల్లో పెట్టాలి, పెద్దల ఫోన్లతో సహా. ఆదివారం కదా అని పదింటిదాకా పడుకోనిస్తే వారమంతా పడ్డ శ్రమలో సగం వృథా అవుతుంది. గంటకు మించి తేడా రానివ్వకండి.

వేళ కుదిరినా బడి తెరిచేసరికి చాలా ఇళ్లలో వినిపించిన మాట, "అమ్మా, కడుపులో నొప్పి". స్కానింగులో ఏమీ లేదు. డాక్టరు ఏమీ లేదన్నాడు కాబట్టి నాటకం అనుకోవడం ఘోరమైన అన్యాయం. భయం పుట్టినప్పుడు మెదడు పేగులకు పంపే నరాల సంకేతాలు మారతాయి, కండరాలు బిగుసుకుంటాయి. నొప్పి నిజమైనదే. దానికొక తీరు ఉంటుంది. ఆదివారం సాయంత్రం మొదలై, సోమవారం పొద్దున పెరిగి, బస్సు వెళ్లిపోయాక తగ్గుతుంది. అలా కాకుండా నిద్రలోంచి లేపే నొప్పి, బరువు తగ్గడం, జ్వరం, మలంలో రక్తం ఉంటే వెంటనే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆరునెలలకు పైగా పక్క తడపని పిల్ల మళ్లీ తడపడం మొదలుపెట్టినా ముందు మూత్రం, చక్కెర పరీక్షలు చేయించి, మలబద్ధకం ఉందేమో చూశాకే మనసు మాట.

ఇలాంటి నొప్పికి "సరే, ఈ రోజుకు మానెయ్" అన్నారనుకోండి, పది నిమిషాల్లో తగ్గిపోతుంది. ఆ ఊరటే అసలు గండం. ఇంట్లో ఉంటేనే క్షేమం అని మెదడు నేర్చుకుంటుంది, మర్నాడు నొప్పి ఇంకాస్త గట్టిగా వస్తుంది. వారం మానితే తిరిగి పంపడం పదింతలు కష్టం. అందుకని మెట్టు మెట్టుగా ఎక్కించాలి. మొదటి రోజు యూనిఫాం వేసుకుని గేటు దాకా వెళ్లి, పావుగంట ఉండి రావడం. అది తేలికయ్యాక ఒక్క పీరియడు, తర్వాత భోజనం వేళ దాకా, ఆపైన రోజంతా. భయం తారస్థాయిలో ఉన్నప్పుడు వెనక్కి తీసుకురాకూడదు. కాసేపు ఓపిక పడితే అది దానంతటదే దిగడం పిల్ల స్వయంగా చూడాలి. దింపడానికి అమ్మానాన్నల్లో ఎవరు తక్కువ కంగారుపడతారో వాళ్లు వెళ్లాలి. గేటు దగ్గర తెలిసిన టీచరు ఒకరు చెయ్యి పట్టుకుంటే సగం పని అయినట్టే. మానేసిన రోజున బడివేళల్లో టీవీ, ఫోను ఉండకూడదు. ఇది శిక్ష కాదు, ఇంటిని బడికన్నా తీపి చేయకుండా ఉండడం మాత్రమే.

మూడు నుంచి ఆరేళ్లవాళ్ల భయం వేరు. తాము అనుకున్నదే జరుగుతుందని ఆ వయసు నమ్ముతుంది. "నేను చెయ్యి కడుక్కోలేదు, అందుకే తాతయ్యకు వచ్చింది" అని లోలోపల కుమిలిపోయే పిల్ల ఆ మాట బయటికి అనదు. అడగకపోయినా మనమే చెప్పాలి: నీ వల్ల కాదు. కరోనా రెండో విడతలో చనిపోయినవాళ్లను చివరిచూపు చూసే వీలు కూడా చాలామందికి దొరకలేదు. "తాతయ్య నిద్రపోయాడు", "ఊరికెళ్లాడు" అని చెబితే పిల్లకు నిద్రంటేనో, నాన్న ఊరికెళ్తానంటేనో భయం పట్టుకుంటుంది. చనిపోయాడు, ఒళ్లు పనిచేయడం ఆగిపోయింది, తిరిగి రాడు అని చిన్న మాటల్లో చెప్పాలి. విన్న పిల్ల ఐదు నిమిషాలు ఏడ్చి బొమ్మలతో ఆడుకోవడానికి పోతే బాధ లేదనుకోకండి. ఆ వయసులో దుఃఖం విడతలు విడతలుగా వస్తుంది.

అదే కాలంలో మాటలు నేర్వాల్సిన రెండేళ్లవాళ్ల గురించి ఒక్క మాట. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, బడిలో ఇంగ్లీషు అయ్యేసరికి మాటలు ఆలస్యమయ్యాయని చాలామంది తెలుగు మానేశారు. అది తప్పు. భాషలు ఎక్కువైతే మాటలు ఆగవు, ఎదుటి మనిషి తిరిగి మాట్లాడకపోతే ఆగుతాయి. అన్ని భాషలూ కలిపి రెండేళ్లకు 50 మాటలైనా లేకపోతే, రెండు మాటలు జోడించకపోతే చూపించాలి.

ఈ కష్టాలన్నింటికీ గది అన్నది ఒకటి ఉండాలి. కట్టడాల పక్కన రేకుల షెడ్లలో బతికే కూలీల పిల్లలకు అదీ లేదు. ఇంటికొక్క ఫోను నాన్నతోపాటు పనికి పోతుంది, బడితో పాటు వేడి మధ్యాహ్న భోజనమూ ఆగింది. కేంద్రం 2020 జులైలో ఎనిమిదో తరగతి దాకా రోజుకు రెండు ఆన్‌లైన్ క్లాసులు, ఒక్కోటి 45 నిమిషాలు మించొద్దని చెప్పింది. ఆ పరిమితి దాటే అదృష్టం కూడా లేని పిల్లలు వీళ్లు. ఏ పిల్ల నలుగుతోందో చూసే టీచరు కన్ను వీళ్లకే అందరికన్నా ఎక్కువ అవసరం, ముందుగా పోయిందీ వీళ్లకే.

టీనేజి పిల్లల్లో కుంగుబాటు ఏడుపుగా కనిపించకపోవచ్చు, చిరాకుగా కనిపిస్తుంది. ఇష్టమైన క్రికెట్టునో స్నేహితురాలినో వదిలేసి, రెండు వారాలకు పైగా తిండి, నిద్ర మారిపోయి, "నేను లేకపోతేనే మీకు మేలు" లాంటి మాట వస్తే ఆగకూడదు. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా, మెత్తగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఒంటరిగా వదలకండి. ఇంట్లో మాత్రలు, పురుగుమందు తాళం వేసి పెట్టండి. 14416 టెలి మానస్ అనే మానసిక సాయం ఉచిత నంబరు, 2022 అక్టోబర్ 10న మొదలైంది, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. పిల్లల కోసం 1098 ఉంది. బెంగళూరులో హోసూరు రోడ్డు పక్కన ఉన్న నిమ్హాన్స్ ఆసుపత్రిలో పిల్లల మానసిక వైద్య విభాగం ప్రత్యేకంగా ఉంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు రెండు వారాల కాగితం ఒకటి రాసుకోండి: ఎన్నింటికి లేచింది, ఎన్నింటికి పడుకుంది, ఏ పూట నొప్పి, ఏ రోజు బడి మానింది, ఎప్పుడు నవ్వింది. డాక్టరు పిల్లతో కాసేపు విడిగా మాట్లాడతానంటే ఒప్పుకోండి. అమ్మతో తెలుగులో దాచిన సంగతి ఒక్కోసారి కన్నడలోనో ఇంగ్లీషులోనో సులువుగా బయటికొస్తుంది.