కాల్చని తుపాకీకే తుప్పు ఎక్కువ: అపోహలు, వాస్తవాలు

పోలీసు శాఖలో ఆర్మరర్‌గా, అంటే తుపాకుల బాగోగులు చూసేవాడిగా చేసి రిటైరయ్యాను. సర్వీసంతా బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో, అదే ఆయుధాలు దాచే గదిలో, నూనె వాసన మధ్యే గడిచింది. ఇప్పుడు లైసెన్సున్న తెలిసినవాళ్లు "అన్నా, ఒకసారి మా రివాల్వర్ చూడవా" అని పిలుస్తుంటారు. ఎక్కడికెళ్లినా అవే మాటలు వినపడుతున్నాయి కాబట్టి రాసి పెడుతున్నా.

అపోహ: "కాల్చనే లేదుగా, క్లీనింగ్ ఎందుకు?"

మన దగ్గర లైసెన్సు రివాల్వర్లు చాలావరకు కొన్న కొత్తలో నాలుగు రౌండ్లు పేలి, ఆ తర్వాత బీరువా ఎక్కేస్తాయి. తుప్పుకి రౌండ్ల లెక్కతో పనిలేదు, చెమ్మ ఉంటే చాలు. 2024 మార్చిలో ఎన్నికల కోడ్ రాగానే ఒకాయన తన .32 రివాల్వర్ స్టేషన్‌లో డిపాజిట్ చేశాడు, లెదర్ హోల్‌స్టర్‌తో సహా. జూన్‌లో ఫలితాలొచ్చాక తెచ్చుకుని, పైకి కూడా తీసి చూడకుండా బీరువాలో పెట్టేశాడు. ఆగస్టులో నా చేతికొచ్చింది. బ్యారెల్ లోపల అద్దంలా ఉంది, తూటాలు కూర్చుని తిరిగే సిలిండర్ మీద మాత్రం హోల్‌స్టర్ బటన్ ఆనిన చోట రూపాయి బిళ్లంత ఎర్రమచ్చ, గోటితో గీరితే పొడి రాలుతోంది. తోలు చెమ్మ పీల్చి పట్టుకుంటుంది, దాన్ని పదును చేయడానికి వాడిన లవణాలు దానికి తోడు. హోల్‌స్టర్ మోయడానికే గానీ దాచడానికి కాదు.

అందుకని కాల్చకపోయినా నెలకోసారి, వానాకాలంలో పదిహేను రోజులకోసారి తీసి తుడవండి. విశాఖ, కాకినాడ వైపు ఉప్పుగాలిలో ఉండేవాళ్లు వారానికోసారి. నడుముకి పెట్టుకుని తిరిగేవాళ్లయితే చెమట ఆరకముందే, ఆ రాత్రే పైన తుడిచేయాలి. కాలిస్తే మాత్రం ఒక్క రౌండైనా యాభై అయినా ఆ రోజే క్లీనింగ్.

ఇది అపోహ కాదు గానీ చెప్పకుండా ముందుకెళ్లలేను. పిస్టల్‌కి ముందు తూటాలుండే మ్యాగజైన్ తీయాలి, ఆ తర్వాతే స్లైడ్, అంటే వెనక్కి జరిగే పైభాగం లాగాలి. తిరగేసి చేస్తే, ఛాంబర్‌లో, అంటే పేలడానికి సిద్ధంగా బ్యారెల్ వెనక కూర్చున్న తూటా బయటికి దూకిందని మీరు సంతోషిస్తుండగానే మ్యాగజైన్‌లోంచి ఇంకోటి లోపలికెళ్లి కూర్చుంటుంది. గ్లాక్ లాంటి పిస్టళ్లు విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కక తప్పదు, ఇక మీరే ఊహించుకోండి. కళ్లతో చూసి, వేలు పెట్టి తడిమి, తూటాలు పక్కగదిలో పెట్టి వచ్చాకే గుడ్డ ముట్టుకోండి.

అపోహ: "కొబ్బరినూనె రాస్తే చాలు"

కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. చలికాలం ఆదిలాబాద్‌లో పొద్దున్నే సీసా తలకిందులు చేసినా చుక్క రాదు, మరి తూటాని కొట్టే పిన్ను చుట్టూ పట్టిన నూనె మాత్రం కరిగి ఉంటుందా? పైగా వంటనూనెలు చాలావరకు కొన్నాళ్లకి జిగురుగా మారతాయి. గన్ ఆయిల్ దొరక్కపోతే కుట్టుమిషన్ నూనె మేలు, అదీ వేలికి తడి తెలిసీ తెలియనంత. ఎక్కువైతే దుమ్ము అంటుకుని బురదవుతుంది. స్ట్రైకర్, అంటే పిస్టల్‌లో తూటాని కొట్టే ఆ పిన్ను ఉండే గొట్టంలోకి మాత్రం నూనె అసలు పోనివ్వొద్దు. కాల్చే ముందు బ్యారెల్‌లో ఒకసారి పొడిగుడ్డ లాగండి.

అపోహ: "మెరిస్తేనే శుభ్రం"

ఎక్కువ తుపాకులు పాడయ్యేది దీనివల్లే. సిలిండర్ ముందువైపు నల్లటి వలయాలు పడతాయి, కాల్చిన రివాల్వర్‌కి అవి ఉండాల్సినవే. వాటిని స్టీల్ పీచుతో రుద్ది రుద్ది రంగు లేపేసినవాళ్లని చూశాను. అసలు చూడాల్సిన చోటు ఎవరూ చూడరు: సిలిండర్ పక్కకి తీసి, ఖాళీ కేసుల్ని బయటికి తోసే ఎజెక్టర్ రాడ్ నొక్కితే వెనకాల నక్షత్రంలా ఒక ముక్క లేస్తుంది, దాని కింద. అక్కడ ఆవగింజలో సగం లేని కాలని తుపాకిమందు పలుకు ఇరుక్కున్నా చాలు, సిలిండర్ తిరగనని మొరాయిస్తుంది. పాత టూత్‌బ్రష్‌తో రెండుసార్లు దులిపితే పోయేదే, అక్కడ నూనె వద్దు. ఖాళీ కేసులు, అంటే పేలిన తూటాల తొడుగులు తీసేటప్పుడు బ్యారెల్ మూతి ఆకాశం వైపు పెట్టి నొక్కితే ఆ పలుకులు కిందికే రాలిపోతాయి.

సిలిండర్ పక్కకి తెరుచుకునే రివాల్వర్ అయితే బ్యారెల్‌లోకి క్లీనింగ్ రాడ్ మూతివైపు నుంచే పోవాలి కదా, ఇనప రాడ్ ఆ అంచుకి రాసుకుంటే గురి దెబ్బతింటుంది. ఇత్తడి రాడ్ వాడండి, వేళ్ల మధ్య పట్టుకుని నిటారుగా తోయండి. పిస్టల్‌కి ఆ బాధ లేదు, బ్యారెల్ విప్పి ఛాంబర్ వైపు నుంచి తోసేయొచ్చు.

దసరా సంగతి కూడా చెప్పాలి. ఆయుధ పూజ మేమూ చేసేవాళ్లం, బెల్ ఆఫ్ ఆర్మ్స్ అంతా పసుపు కుంకుమే. ఒక ఇంట్లో మాత్రం నిమ్మకాయ కోసి, ఆ నిమ్మచెక్కని రివాల్వర్ మీదే బోర్లించి రాత్రంతా వదిలేశారు. తెల్లారి తీస్తే నల్లటి లోహం మీద తెల్లగా అర్ధచంద్రం. ఆ నల్లరంగు, అదే బ్లూయింగ్, ఇనుముకి కావాలని పట్టించిన ఒకరకం తుప్పు పొర, పులుపు తగిలితే కరిగిపోతుంది. చింతపండుతో తోమినా అంతే. బొట్టు పెట్టండి, సాయంత్రానికి తుడిచేయండి, నిమ్మకాయ పళ్లెంలో పెట్టండి.

అపోహ: "ప్రతిసారీ మొత్తం విప్పాలి"

వద్దు. పిస్టల్‌కి స్లైడ్, బ్యారెల్, స్ప్రింగ్, ఫ్రేమ్, ఈ నాలుగూ విడదీస్తే చాలు. పక్కకి తెరుచుకునే రివాల్వర్‌కి సిలిండర్ బయటికి తీస్తే చాలు. పక్క ప్లేటు విప్పి, స్ప్రింగ్ ఎగిరి సోఫా కిందికి పోయాక ఫోన్ చేసినవాళ్లు నాకు బాగా తెలుసు.

"వేడినీళ్లు పోయాలంట కదా?" అని కూడా అడుగుతారు. అది పాత .303 రైఫిళ్ల రోజుల మాట. ఆ పాత తూటాల ప్రైమర్‌లో, అంటే పిన్ను తగలగానే మందుని అంటించే అడుగు బిళ్లలో పొటాషియం క్లోరేట్ ఉండేది, పేలాక ఉప్పు మిగిలేది, ఉప్పు నూనెకి కరగదు, నీళ్లకే కరుగుతుంది. ఇప్పుడు మామూలుగా వాడే తూటాలకి ఆ గొడవ లేదు. కానీ వీటిలో సీసం ఉంటుంది, ఆ మసిలోనూ ఉంటుంది. డైనింగ్ టేబుల్ మీద పేపరు పరిచి తుడిచి, అదే టేబుల్ మీద అన్నం తినకండి. చేతులు చల్లనీళ్లతో, సబ్బుతో కడుక్కోండి, తుడిచిన గుడ్డలు పిల్లల బట్టలతో వాషింగ్ మెషీన్‌లో వేయకండి. మా ఇంట్లో ఆ గుడ్డల కోసం పెరట్లో విడిగా ఒక డబ్బా ఉంది, మా ఆవిడ దాన్ని ఇప్పటికీ ముట్టుకోదు.