స్టాక్ సస్పెన్షన్‌తో ఆటోక్రాస్: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో నాకు వీల్ అలైన్‌మెంట్ షాపు ఉంది. ఆదివారాలు తెల్లవారుజామున, అనుమతి తీసుకున్న ఖాళీ గ్రౌండ్‌లో కోన్లు పెట్టి కుర్రాళ్లకు ఆటోక్రాస్ నేర్పిస్తాను. ఒక్కో కారు విడిగా వెళ్తుంది, దాదాపు నిమిషంలో రన్ అయిపోతుంది, ఎవరి టైం తక్కువైతే వాళ్లు ముందు. స్పోర్ట్స్ కారు కొన్నవాళ్లు మొదటి రన్ కూడా చేయకముందే నన్ను అడిగేది ఒకటే: "అన్నా, ఏ స్ప్రింగులు వేయించమంటావు?"

అపోహ: మలుపులో కారు ఒరిగిందంటే గ్రిప్ పోయినట్టే.

అన్నిటికన్నా గట్టిగా పాతుకుపోయింది ఇదే. మలుపు తిరిగేటప్పుడు లోపలి టైర్ల మీది బరువు బయటి టైర్ల మీదికి వెళ్తుంది. కారు బరువు, గరిమనాభి ఎత్తు, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం, మలుపు ఎంత గట్టిగా తిప్పారు, ఇవే ఆ బరువు ఎంతో తేలుస్తాయి. గట్టి స్ప్రింగులు వేసినంత మాత్రాన అది తగ్గదు. అందులో ముందు టైర్లకెంత, వెనక టైర్లకెంత, ఎంత త్వరగా అన్నవే మారతాయి.

స్టాక్ కారులో, అంటే కంపెనీ ఇచ్చిన సస్పెన్షన్ మార్చని కారులో, ఆ బరువు కాస్త నిదానంగా కదులుతుంది. డ్రైవర్ చేతులు కూడా దానికి తగ్గట్టు కదలాలి. మన చిత్తూరు వైపు తోతాపురి లోడుతో గుజ్జు ఫ్యాక్టరీకి వెళ్లే ట్రాక్టర్‌ని గమనించండి. అనుభవమున్న డ్రైవర్ మలుపుకు ముందే వేగం తగ్గించి, స్టీరింగ్ మెల్లగా మొదలుపెడతాడు. లోడు ఒక పక్కకు సర్దుకున్నాకే మిగతాది తిప్పుతాడు.

వరుస కోన్ల మధ్య అటూ ఇటూ వెళ్లేటప్పుడు ఇది బాగా తెలుస్తుంది. కోన్ పక్కకు వచ్చాక తిప్పితే ఆలస్యమైనట్టే. ఆ ఆలస్యం కోన్ కోన్‌కీ పెరిగి, నాలుగో కోన్ దగ్గరికి వచ్చేసరికి వెనక భాగం జారిపోతుంది. కోన్ రాకముందే తిప్పడం మొదలుపెట్టి, చూపు తర్వాతి కోన్ మీద ఉంచితే అదే కారు శుభ్రంగా వెళ్తుంది. బీఎండబ్ల్యూ జడ్4 తెచ్చిన ఒక తమ్ముడికి నేను చెప్పింది ఇంతే. ఆ పూట అతని కారులో నట్టు కూడా మార్చలేదు. చివరి రన్‌కి ఒక్క కోన్ కూడా పడలేదు.

ఒరగడంవల్ల నిజంగా ఒక నష్టం ఉంది. బయటివైపు ముందు టైరు తన అంచు మీద నిలబడుతుంది, అక్కడే అరిగిపోతుంది. దీనికి మందు అలైన్‌మెంట్‌లో, గాలిలో ఉంది. కంపెనీ అనుమతించిన హద్దులో ముందు చక్రాలకు నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలి ఉండటం) ఎంత వస్తే అంత పెట్టించండి. ఆ తర్వాత సుద్దముక్కతో టైరు అంచు మీద అడ్డంగా మూడు గీతలు గీయండి. చాలా టైర్లకు అంచున చిన్న త్రిభుజం గుర్తు ఉంటుంది. రన్ అయ్యాక సుద్ద ఆ త్రిభుజం దాటి టైరు పక్క గోడ మీద కూడా చెరిగిపోయిందా, గాలి రెండు పాయింట్లు (పీఎస్‌ఐ) పెంచండి. త్రిభుజానికి చాలా ముందే చెరగడం ఆగిందా, తగ్గించండి. టైరు వేడి ఐదారు డిగ్రీలు పెరిగితే గాలి ఒక పాయింటు పెరుగుతుంది. మన మే నెల ఎండల్లో ఉదయం ఆరింటికి పెట్టిన గాలి తొమ్మిదింటికి అలాగే ఉండదు. ప్రతి రన్‌కీ గేజ్ పెట్టి చూడాల్సిందే.

అపోహ: కారు కిందికి దించితే టైం తగ్గుతుంది.

స్ప్రింగులు కోయించుకుని వచ్చిన కారును లిఫ్ట్ మీద పెట్టి చూశాను. బంప్ స్టాప్ రబ్బరు (సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకుపోయినప్పుడు ఆపే ముక్క) నలిగి, ఒక వైపు చిట్లిపోయి ఉంది. అంటే ప్రతి గతుకుకూ సస్పెన్షన్ అడుగుకు తగులుతోందన్నమాట. అలా తగిలిన క్షణంలో టైరు నేల మీద నిలవదు, ఎగురుతుంది. మన గ్రౌండ్లు అద్దంలా ఉండవు కదా. పైగా ముందు మ్యాక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన ఒకే కాలు) ఉన్న కార్లను మరీ దించితే రోల్ సెంటర్ (కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) గరిమనాభి కన్నా ఎక్కువ కిందికి పోతుంది. ఒరగడం తగ్గాలని దించితే, ఒరిగించే బలమే పెరుగుతుంది. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడం 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుందని కూడా గుర్తుంచుకోండి.

అపోహ: పవర్ ఉన్నవాడిదే గెలుపు.

కోర్సు దాదాపంతా సెకండ్ గేర్‌లోనే సాగుతుంది. పవర్ వాడుకునేంత పొడవు ఎక్కడా ఉండదు. దుమ్ము రేపుతూ తోక ఊపడం కూడా అంతే. చూడ్డానికి బాగుంటుంది, టైం మాత్రం పోతుంది.

అపోహ: ప్రాక్టీసుకు మన ఘాట్ రోడ్డు చాలు.

ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. తిరుమల ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు అని నిబంధన పెట్టింది ఊరికే కాదు. ఆ మలుపుల అవతల పిల్లాపాపలతో కొండకు వచ్చిన కుటుంబాలుంటాయి. కోన్ పడితే లేపి నిలబెట్టుకోవచ్చు. సరదా ఇంకా పెద్దదైతే చెన్నై–బెంగళూరు హైవే మీద ఇరుంగాట్టుకోట్టైలో రేస్ ట్రాక్ ఉంది, అక్కడికి వెళ్లండి. ఒక్క విషయం, మామూలు కారు ఇన్సూరెన్స్ పోటీలకు, స్పీడ్ టెస్టింగ్‌కు వర్తించదు. పాలసీ కాగితం ఒకసారి చదివి రండి.

వచ్చేటప్పుడు హెల్మెట్, గాలి గేజ్, సుద్దముక్క తెచ్చుకోండి. డిక్కీలో స్టెప్నీ తప్ప మిగతా సామానంతా దించేయండి. స్ప్రింగుల సంగతి యాభై రన్‌ల తర్వాత మాట్లాడుకుందాం.