కథోలిక కాలేజీలో కలివిడితనం: వెనకున్న చరిత్ర

శ్రీకాకుళం, విజయనగరం వైపు కథోలిక యాజమాన్యం నడిపే ఏ విద్యాసంస్థలో చూసినా కథోలిక పిల్లలు కొద్దిమందే ఉంటారు. తూర్పు కాపులు, కాళింగులు, మత్స్యకారులు, దళితులు, గిరిజనులైన జాతాపులు, సవరలు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. అలాంటి చోట ‘ఇది మన కాలేజీ’ అని అందరికీ అనిపించాలంటే ఉదయం ప్రార్థన ఒక్కటే సరిపోదు.

ఉత్తరాంధ్రలో ఈ కథ అనెసీతో మొదలవుతుంది. ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉన్న ఆ పట్టణం నుంచి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు 1846లో విశాఖపట్నం చేరారు. 1849లో అనెసీకే చెందిన సెయింట్ జోసెఫ్ సభ సిస్టర్లూ వచ్చారు. ఆ సిస్టర్లే 1958లో విశాఖలో మహిళా కళాశాల పెట్టారు. విశాఖ నుంచి విడదీసి శ్రీకాకుళం మేత్రాసనాన్ని (బిషప్ పాలనలో ఉండే ప్రాంతాన్ని) ఏర్పాటు చేసింది 1993 జులై 1న. అంటే మన దగ్గర మిషన్ పాతదే, సొంత మేత్రాసనం మాత్రం నిన్నమొన్నటిది.

అసలు చిక్కు కులం దగ్గర ఉంది. జ్ఞానస్నానం తీసుకున్నంత మాత్రాన కులం పోలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి వచ్చిన దళితుడికి ఎస్సీ హోదా లేదు. మన రాష్ట్రంలో అతను బీసీ-సి, రిజర్వేషన్ 1 శాతం. గిరిజనులకు మతం మారినా ఎస్టీ హోదా ఉంటుంది. అందుకే ఆదివారం ఒకే గుడిలో పూజకు మోకరిల్లిన ఇద్దరు స్నేహితులు సోమవారం ఆఫీసు కిటికీ దగ్గర వేర్వేరు సర్టిఫికెట్లతో నిలబడతారు. క్రైస్తవ సంఘంలో దళితులపై వివక్ష ఉందని భారత కథోలిక పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్యే 2016లో దళిత సాధికారత విధానంలో ఒప్పుకుంది. 2022లో మన తెలుగువాడు, హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ తొలి దళిత కార్డినల్ (పోప్‌ను ఎన్నుకునే మండలి సభ్యుడు) అయ్యారు. అది ఎంతో సంతోషించాల్సిన విషయం. కానీ బోర్డింగ్‌లో ఎవరి పక్కన ఎవరు కంచం పెట్టుకుంటున్నారో కూడా చూడాలి.

ఇతర మతాలను గౌరవించాలని ప్రపంచ కథోలిక పీఠాధిపతులంతా కూడిన రెండో వాటికన్ మహాసభ 1965లోనే చెప్పింది. 2024లో పీఠాధిపతుల సమాఖ్య కథోలిక విద్యాసంస్థలకు మార్గదర్శకాలిచ్చింది: రోజూ అసెంబ్లీలో రాజ్యాంగ ప్రవేశిక చదివించాలి, అన్యమతస్తుల పిల్లలపై క్రైస్తవ ఆచారాలు రుద్దకూడదు. మంచి మాట.

ఇక భాష. సీతంపేట ఏజెన్సీ నుంచి వచ్చిన అమ్మాయి ఇంట్లో సవర మాట్లాడుతుంది, బడిలో తెలుగు నేర్చుకుంది. 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం. మొదటి సెమిస్టర్‌లో ఆమె క్లాసులో నోరు విప్పదు. సాయంత్రం వరండాలో సీనియర్ అక్క అదే పాఠాన్ని సవరలో, తెలుగులో చెబితే మర్నాడు చేయెత్తుతుంది. నా దృష్టిలో సంఘీభావమంటే ముందు ఇదే. ఆ అక్కల గంటను టైంటేబుల్‌లోనే పెట్టాలి.

పండగల్లోనూ ఈ తేడా ఉంది. పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం రోజు విజయనగరానికి స్థానిక సెలవు వస్తుంది. కొత్త కందుల పంట చేతికొచ్చాక చేసుకునే కందికొత్తల పండగకు ఇంటికెళ్లిన జాతాపు, సవర పిల్లలకు మాత్రం ఆబ్సెంటు పడుతుంది. ఆ పండగ తేదీ ఊరూరికీ మారుతుంది కాబట్టి అందరికీ కలిపి ఒకే సెలవు ఇవ్వడం కుదరదు. ఊరి పెద్ద రాసిన చీటీ తెచ్చిన పిల్లలకు హాజరు వేయొచ్చు. దానికి ప్రిన్సిపాల్ ఫాదర్ గారి సంతకం చాలు.