గ్రేహౌండ్ పందేలు, వాటి చట్టాలు: అపోహలు - వాస్తవాలు

మన తెలుగువాళ్ళకు గ్రేహౌండ్స్ అనగానే 1989లో పెట్టిన పోలీసు దళం గుర్తొస్తుంది. నేను రాస్తున్నది అసలు కుక్కల గురించి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో పశువైద్యుణ్ణి. పందెం కుక్కలు, పందేలు మానేసిన కుక్కలు నా దగ్గరికి వస్తుంటాయి. ఊరికి ఫోన్ చేస్తే 'అక్కడ కుక్కల పందేలు బ్యాన్ చేశారటగా?' అని అడుగుతారు. చేశారు, మళ్ళీ ఎత్తేశారు కూడా. ఈ విషయం మీద ఇటు నిషేధం కోరేవాళ్ళూ అటు పందెంరాయుళ్ళూ చెప్పే మాటల్లో సగం నిజాలే ఎక్కువ.

అపోహ: పరిగెత్తడం వాటికి పుట్టుకతో వచ్చిన బుద్ధి. ఇష్టపడి పరిగెత్తే కుక్కకు కష్టమేముంటుంది?

వాస్తవం: ఇష్టపడే మాట నిజమే. కుక్కల ముందు యంత్రంతో లాగే బొమ్మను ఎర అంటారు. అది కదిలిన చప్పుడు వినగానే, పందెం మొదలయ్యే చోట బాక్సులో ఉన్న కుక్క అరిచి గోల చేస్తుంది. దాన్ని ఎవరూ కొట్టి పరిగెత్తించనక్కర్లేదు. ఇబ్బంది ఉన్నది ట్రాక్ ఆకారంలో. ఇక్కడ ఒక పందెంలో ఎనిమిది కుక్కల దాకా ఒకేసారి వదులుతారు. అన్నిటి చూపూ ఒకే ఎర మీద. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో మొదటి మలుపు దగ్గరికి వచ్చేసరికి ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. పడితే వెనక వచ్చేవి దాని మీద నుంచే పోతాయి.

కనపడని గాయం ఇంకోటుంది. పందేలన్నీ అపసవ్య దిశలోనే, అంటే ఎడమకు తిరుగుతూ జరుగుతాయి. మలుపులో ఒత్తిడంతా కుడి వెనక కాలి మడమ కీలు మీద పడుతుంది. నెలల తరబడి అలా పడగా పడగా ఆ కీలులోని చిన్న ఎముకలో సన్నటి పగుళ్ళు వస్తాయి. ఒకరోజు పందెంలో అది విరుగుతుంది. ఎముక ఇలా విరగడం కుడి కాలికే ఎక్కువ. తలరాత వల్ల వచ్చే గాయమైతే రెండు కాళ్ళకూ సమానంగా రావాలి కదా? సిడ్నీలోని టెక్నాలజీ యూనివర్సిటీ పరిశోధకులు ట్రాకుల మీద అధ్యయనం చేసి, తిన్నటి ట్రాకులు కట్టమని, ఎనిమిదికి బదులు ఆరు కుక్కలతో పందెం పెట్టమని సూచించారు. బ్రిటన్‌లో ఎప్పటి నుంచో ఆరే. లైసెన్సు షరతుల్లో ఒక్క లైను రాస్తే అయ్యే పని ఇది. కానీ ఎనిమిది కుక్కలుంటే బెట్టింగ్ ఎక్కువ జరుగుతుంది.

అపోహ: వెంటాడేది బొమ్మనే కాబట్టి వేరే జంతువులకు ఏమీ కాదు.

వాస్తవం: యంత్రం లాగే ఎర 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలో వచ్చింది. ఓవెన్ స్మిత్ అనే ఆయన కనిపెట్టాడు. అసలు ఉద్దేశం బతికున్న కుందేళ్ళను కాపాడటమే. అయితే 2015 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా ఏబీసీ టీవీ 'ఫోర్ కార్నర్స్' కార్యక్రమం రహస్యంగా తీసిన వీడియోలు చూపించింది. శిక్షణ ట్రాకుల్లో ఎరకు బతికున్న కుందేళ్ళను, పోసమ్‌లనే చిన్న జంతువులను, పందిపిల్లలను కట్టి కుక్కలకు వదులుతున్నారు. అప్పటికి అది నేరం కాకపోవడం వల్ల జరిగింది కాదు. ఎప్పటి నుంచో నేరమే. కాకపోతే ప్రైవేటు స్థలంలో తెల్లారకముందు జరిగే పనిని వెళ్ళి చూసే ఇన్‌స్పెక్టర్లు లేరు. నియంత్రించాల్సిన సంస్థే పందేల వ్యాపారమూ నడుపుతుంటే ఎవరు చూస్తారు?

అపోహ: పరిగెత్తలేని కుక్కలు ఏదో ఒక ఇంటికి చేరుతాయిలే.

వాస్తవం: ఈ వ్యవహారం అంతటికీ మూలం ఇదే. ఆ వీడియోల తర్వాత హైకోర్ట్ మాజీ జడ్జి మైఖేల్ మెక్‌హ్యూ కమిషన్ వేశారు. ఇక్కడ హైకోర్ట్ అంటే మన సుప్రీంకోర్టు లాంటిది. 2016లో వచ్చిన ఆ నివేదిక లెక్క ఇది: ఈ ఒక్క రాష్ట్రంలో 12 ఏళ్ళలో పుట్టిన గ్రేహౌండ్లు 97,783. వాటిలో 48,891 నుంచి 68,448 దాకా పందేనికి పనికిరావని చంపేశారు. తక్కువ లెక్క వేసుకున్నా సగం. చాలావాటిని పందేల్లోకి దింపనే లేదు. ఒక ఈతలో ఏడెనిమిది పిల్లలు పుడితే వేగంగా పరిగెత్తేవి రెండో మూడో ఉంటాయి. మిగతావి యజమానికి దండగ ఖర్చు.

అందుకే కుక్కల సంక్షేమానికి చట్టం రాస్తామంటే నేను ముందు చూసేది ట్రాక్ గురించి ఏం రాశారని కాదు, ఈతల గురించి ఏం రాశారని. పందెం అరనిమిషంలో అయిపోతుంది. గ్రేహౌండ్ మామూలుగా పన్నెండేళ్ళు బతుకుతుంది. దాని పందెం జీవితం నాలుగైదేళ్ళకే ముగుస్తుంది, కొన్నిటికి ఇంకా ముందే. పుట్టిన ప్రతి పిల్లకూ మైక్రోచిప్ వేసి, చేతులు మారిన ప్రతిసారీ నమోదు చేసి, చివరికి ఎక్కడ ఉందో, ఎలా చనిపోయిందో రాసేవరకు ఆ కుక్క మీద చట్టానికి కన్నుండాలి. మైక్రోచిప్ వల్ల కుక్క బతకదు, నిజమే. ఎన్ని పోయాయో లెక్క తేలుతుంది, అడిగేవాళ్ళకు ఆధారం దొరుకుతుంది.

ఇంగ్లండ్‌లోనూ ఇంతే. 2006లో సీహామ్ అనే ఊళ్ళో ఒక వ్యక్తి పదిహేనేళ్ళలో దాదాపు పది వేల గ్రేహౌండ్లను చంపి పాతిపెట్టాడని పత్రికలో వచ్చింది. ఆ తర్వాత నాలుగేళ్ళకు, 2010లో నిబంధనలు వచ్చాయి: ట్రాక్ దగ్గర పశువైద్యుడు, కుక్కకు మైక్రోచిప్, గాయాల రికార్డు. మంచివే. కానీ అవన్నీ ట్రాక్ గేటు లోపలి సంగతులు. పాతిపెట్టింది గేటు బయట.

అపోహ: నిషేధిస్తే సమస్య తీరిపోతుంది.
దీని తమ్ముడు: నిషేధిస్తే ఉన్న కుక్కలన్నిటినీ చంపేస్తారు.

వాస్తవం: రెండూ తొందరపాటు మాటలే. న్యూ సౌత్ వేల్స్ ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) మైక్ బేర్డ్ 2016 జూలైలో నిషేధం ప్రకటించాడు, ఆగస్టులో చట్టం కూడా అయింది, అమలు 2017 జూలై 1 నుంచి అన్నారు. పల్లెటూళ్ళ నుంచి వ్యతిరేకత, సొంత కూటమిలోనే తిరుగుబాటు. అక్టోబరులో వెనక్కి తగ్గాడు. అయినా నవంబరులో ఆరెంజ్ అనే నియోజకవర్గం ఉప ఎన్నికలో కూటమి సీటు పోయింది, 2017 జనవరిలో ఆయన పదవి వదిలేశాడు. నిషేధం పోయి 2017లో కొత్త చట్టం వచ్చింది. దాంతో వ్యాపారం ఒక సంస్థకు, సంక్షేమమూ నిఘా మరో సంస్థకు విడదీశారు. ఇది మేలైన మార్పే. అలాగని అంతా సర్దుకోలేదు. పందేల వ్యాపారం నడిపే సంస్థలో పనిచేసి వెళ్ళిన ప్రధాన పశువైద్యుడు 2024లో బయటపెట్టిన నివేదికతో మళ్ళీ విచారణ మొదలైంది.

చైనాలోని మకావు సంగతి చూడండి. అక్కడి కానిడ్రోమ్ ట్రాక్ 2018 జూలైలో మూతపడింది. నడిపినవాళ్ళు అయిదొందలకు పైగా కుక్కలను అక్కడే వదిలేసి పోయారు. జంతు సంక్షేమ సంఘాలు పూనుకోబట్టి వాటికి దేశదేశాల్లో ఇళ్ళు దొరికాయి. మూత ఎప్పుడన్నది ముందే తెలిసినా కుక్కల బాధ్యత ఎవరిదో గట్టిగా తేల్చుకోలేదు.

న్యూజీలాండ్ ఈ విషయంలో తెలివిగా చేసింది. 2013, 2017, 2021ల్లో మూడు సమీక్షలు జరిగాక, 2024 డిసెంబరు 10న మంత్రి విన్‌స్టన్ పీటర్స్ పందేలు ఆపేస్తామని ప్రకటించాడు. అప్పటికప్పుడే, అత్యవసర పద్ధతిలో, అనవసరంగా పందెం కుక్కలను చంపకుండా మరో చట్టం పాస్ చేయించారు. పరిశ్రమకు ఇచ్చిన గడువు 2026 నడిమి దాకా. మూసేసే రోజు కన్నా ముందు కుక్కలకు రక్షణ పెట్టారు. నిషేధ బిల్లు రాసేవాళ్ళు ఎవరైనా సరే ఈ వరసను కాపీ కొట్టొచ్చు.

బ్రిటన్‌లోని వేల్స్ ప్రభుత్వం కూడా 2025లో నిషేధం బిల్లు పెట్టింది. అక్కడున్నది ఒకే ఒక్క ట్రాక్. ఒక ట్రాక్ ఉన్నచోటా, ఇరవై పైచిలుకు ఉన్నచోటా పని ఒకేలా ఉండదు కదా.

అపోహ: జనం చూస్తున్నారు కాబట్టి పందేలు నడుస్తున్నాయి.

వాస్తవం: చాలా ట్రాకుల్లో గ్యాలరీ ఖాళీ. డబ్బంతా ఫోన్లలో, దూరంగా కాసే బెట్టింగ్ నుంచి వస్తుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో ఇంకా విచిత్రం. పేకాట గదులు, స్లాట్ మెషీన్లు నడపాలంటే కుక్కల పందేలు పెట్టి తీరాలని చట్టమే చెప్పేది. పందెం మీద నష్టమొచ్చినా కేసినో కోసం కుక్కలను పరిగెత్తించారు. 2018 నవంబరులో 69 శాతం ఓటర్లు నిషేధానికి ఓటేశారు, 2020 ఆఖరుకల్లా అన్నీ ఆగిపోయాయి. వెస్ట్ వర్జీనియాలో ఆ ముడి ఇంకా ఉంది. అమెరికాలో పందేలు మిగిలింది కూడా ఆ రాష్ట్రంలోనే.

అపోహ: మన దేశానికి ఇది సంబంధం లేని గొడవ.

వాస్తవం: పంజాబ్ పల్లెల్లో గ్రేహౌండ్ పందేలు జరుగుతాయి. వీటికంటూ ప్రత్యేక చట్టం లేదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం సెక్షన్ 11 ప్రకారం వినోదం కోసం ఒక జంతువును మరో జంతువు మీదికి ఉసిగొల్పడం నేరం. సంక్రాంతికి గోదావరి జిల్లాల కోడిపందేల కేసుల్లో వినపడేదీ ఈ చట్టమే. మొదటిసారి దొరికితే జరిమానా పది నుంచి యాభై రూపాయలు. అచ్చుతప్పు కాదు, యాభై రూపాయలే. ఎరగా అడవి కుందేలును వాడితే మాత్రం 1972 వన్యప్రాణి చట్టం కిందికి వస్తుంది, అది కాస్త పదునైనది.

అపోహ: పందెం కుక్క కరుస్తుంది, రోజూ మైళ్ళ దూరం తిప్పాలి, ఇంట్లో పెట్టుకోలేం.

వాస్తవం: రోజులో ఎక్కువ భాగం సోఫా మీద పడి నిద్రపోతుంది. మూతికి కట్టే మజిల్ చూసి జనం భయపడతారు గానీ, మనుషుల జోలికి వచ్చేవి తక్కువ. విక్టోరియా రాష్ట్రం 2019లో పెంపుడు గ్రేహౌండ్లకు మజిల్ తప్పనిసరి అన్న నియమాన్ని తీసేసింది. పిల్లులు, కోళ్ళు, బుల్లి కుక్కలు ఉన్న ఇల్లయితే ఆలోచించుకోండి. కొన్నిటికి ఆ వేట బుద్ధి పోదు. మెట్లు ఎక్కడం, గాజు తలుపును గుర్తించడం చాలావాటికి తెలియదు, మొదటి వారాల్లో నేర్పాలి. ఒంట్లో కొవ్వు లేదు, బొచ్చు పలచన. మెల్‌బోర్న్ చలికి కోటు తొడగాల్సిందే.

చివరగా, ఇంటికి తెచ్చుకుంటే మీ పశువైద్యుడికి అది గ్రేహౌండ్ అని ముందే చెప్పండి. ఈ జాతికి హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) 55, 60 ఉండటం మామూలే, థైరాయిడ్ అంకె తక్కువగా ఉండటమూ మామూలే. అవి చూసి లేని రోగానికి మందు మొదలుపెట్టొద్దు. ఆపరేషన్ అవసరమైతే మత్తుమందు గురించి అడగండి. థయోపెంటోన్ రకం మత్తు వీటికి ఇస్తే తేరుకోవడానికి చాలాసేపు పడుతుంది.