డాలియా తల వాల్చిందంటే దాహమేనా? కుండీ డాలియా మీద అపోహలు - వాస్తవాలు

దసరా దాటిన దగ్గర్నుంచి సంక్రాంతి దాకా రోజుకు ఒకరిద్దరైనా కుండీ చేత్తో పట్టుకుని మా నర్సరీకి వస్తారు. కొనడానికి కాదు, చూపించడానికి. కుండీలో పొట్టి డాలియా ఉంటుంది, కాడ మెత్తబడి పక్కకు ఒరిగి. "అన్నా, రోజూ రెండు పూటలా నీళ్లు పోసిన. ఒక్క రోజు కూడా తప్పలే. అయినా ఇట్లయింది" అంటారు. ఆ "అయినా" దగ్గరే నా ప్రాణం ఉసూరుమంటుంది. అయినా కాదు, అందుకే.

హన్మకొండలో నర్సరీ పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఈ ఇరవై ఏళ్లలో పురుగు పట్టి, తెగులు సోకి, కోతులు పీకి పోయిన డాలియాలన్నీ ఒక లెక్క. ప్రేమతో నీళ్లు పోసి చంపినవి ఒక్కటే ఒక లెక్క. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

అపోహ: ఆకులు వాలాయంటే మొక్క నీళ్లు అడుగుతోంది.

మొన్న డిసెంబర్‌లో కాజీపేట నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ ఆటోలో కుండీ ఒళ్లో పెట్టుకుని వచ్చారు. మనవరాలు పాకెట్ మనీతో కొనిచ్చిన మొక్కట. "నా చెయ్యే మంచిది కాదు బిడ్డా, నేను పెట్టిన మొక్క బతకదు" అన్నారు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. కుండీ ఒరగేసి, మట్టిముద్దను మెల్లగా బయటికి జార్చాను. ముందు మురికి కాలువ వాసన కొట్టింది. తర్వాత గడ్డ కనపడింది. పైన తొక్క బాగానే ఉంది. బొటనవేలితో నొక్కితే బాగా ముగ్గిన సపోటాలాగా వేలు లోపలికి దిగిపోయింది. తెల్లగా ఉండాల్సిన వేర్లు టీ పొడి రంగులోకి మారి, పట్టుకుంటే పైతోలు చేతికి వచ్చేస్తోంది. "కుండీ కింద ప్లేటు పెట్టారా అమ్మా?" అని అడిగాను. పెట్టారు. టైల్స్ పాడవుతాయని. ఆ ప్లేటులో నీళ్లు ఎప్పుడూ నిండుగానే ఉన్నాయట.

వేరుకు నీళ్లు ఎంత అవసరమో గాలీ అంతే అవసరం. మట్టిలో రేణువుల సందుల్లో ఉండే గాలిని నీళ్లు తోసేస్తే వేరు ఊపిరాడక చస్తుంది. చచ్చిన వేరు నీళ్లు పీల్చదు. పైన ఆకుకు నీళ్లు అందవు కాబట్టి వాలిపోతుంది. అంటే మొక్క నీళ్లలో నిలబడి దాహంతో చస్తోంది. మనం వాలిన ఆకు చూసి ఇంకో చెంబు పోస్తాం. డాలియా కింద గడ్డ ఉంటుంది, అందులోనే నీళ్లూ తిండీ దాచుకుంటుంది. ఒక పూట మనం మరిచిపోతే ఓర్చుకోవడానికే అది ఉన్నది. తడిలో నానబెడితే మాత్రం ఆలుగడ్డ కుళ్లినట్టే కుళ్లుతుంది.

ఇంకొకటి. మధ్యాహ్నం ఎండకు డాలియా ఆకులు వాలడం మామూలే, మట్టి తడిగా ఉన్నా వాలతాయి. ఆకులోంచి ఆవిరయ్యేంత వేగంగా వేరు తోడలేదు, అంతే. సాయంత్రం ఆరింటికి వెళ్లి చూడండి, లేచి ఉంటుంది. తెల్లారి కూడా వాలే ఉంటే అప్పుడు పట్టించుకోవాలి. చెంబు తీసుకోవడం కాదు, వేలు పెట్టి చూడాలి. రెండు గణుపుల లోతు దాకా మట్టి పొడిగా ఉంటే నీళ్లు. తడిగా ఉండీ వాలిందంటే రోగం వేరులో ఉంది. చేతికి మట్టి అంటుకోవడం ఇష్టం లేకపోతే కుండీ ఎత్తి చూడండి. నీళ్లు పోసిన వెంటనే ఒకసారి, రెండు రోజులు గడిచాక ఒకసారి ఎత్తితే బరువు తేడా చేతికే తెలిసిపోతుంది. పోసినప్పుడు మాత్రం అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోయండి, ప్లేటులో నీళ్లు పారబోయండి. చలికాలంలో పది అంగుళాల కుండీకి రెండు మూడు రోజులకోసారి పోస్తే సరిపోతుంది. ఫిబ్రవరి ఆఖరుకు ఎండ ముదిరితే రోజూ కావాలి. క్యాలెండర్ కంటే వేలే నమ్మకం.

ఇది నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు ఇంటిల్లిపాదీ పోయాం. నాలుగు రోజులు. నీళ్లు పెట్టమని చెప్పిన పిల్లగాడు కూడా జాతరకే పోయాడు, అది నాకు అక్కడ గద్దెల దగ్గర ఎదురుపడితే తెలిసింది. గుండె గుభేలుమంది. వచ్చి చూస్తే డాలియాలన్నీ తడి గుడ్డల్లా వేలాడుతున్నాయి. నీళ్లు పెట్టాను, పొద్దు గూకేసరికి లేచి నిలబడ్డాయి. మొగ్గలు కొన్ని రాలాయి, మొక్క ఒక్కటీ పోలేదు. మూలన మాత్రం ఒక ఆరు కుండీలు పచ్చగా, నిక్కపొడుచుకుని ఉన్నాయి. పైన పైపు జాయింట్ కారుతోందని అప్పుడు చూశాను. నాలుగు రోజులూ వాటి మీద చుక్క చుక్క పడుతూనే ఉంది. అదృష్టవంతులు అనుకున్నాను. పది రోజుల్లో ఆరింటిలో ఐదు పోయాయి.

బియ్యం కడిగిన నీళ్లు, అరటి తొక్క నానబెట్టిన నీళ్లు, ఉల్లిపొట్టు నీళ్లు అంటూ వాట్సాప్‌లో వచ్చే వైద్యాలన్నీ కూడా చివరికి నీళ్లే. "నీళ్లు తగ్గించినన్నా, బియ్యం నీళ్లే పోస్తున్న" అని ఒకాయన చెప్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మట్టి సంగతి కూడా ఇందులోదే. మన దగ్గర చాలామంది ఊరి నుంచి నల్లరేగడి బస్తాలో తెచ్చుకుంటారు, పత్తి బ్రహ్మాండంగా పండే మట్టి అని. చేనులో పండుతుంది. కుండీలో అది నీళ్లు పట్టుకుని కూర్చుంటుంది, ఎండితే గడ్డకట్టి పగుళ్లిస్తుంది. చెల్క మట్టి, అంటే ఇసుక కలిసిన ఎర్రమట్టి, రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుకో కొబ్బరి పొట్టో ఒక పాలు కలపండి. కుండీ ఎంత పెద్దదైతే అంత మంచిదన్నదీ తప్పే. అడుగు, అడుగున్నర ఎత్తు పెరిగే పొట్టి రకానికి ఎనిమిది నుంచి పది అంగుళాల కుండీ చాలు. చిన్న మొక్కను బకెట్ అంత కుండీలో పెడితే, వేరు తాగలేనన్ని నీళ్లు దాని చుట్టూ మిగిలిపోతాయి.

టీచరమ్మ మొక్క గడ్డ పోయింది. కానీ పైన రెండు కొమ్మల కొసలు ఇంకా గట్టిగా ఉన్నాయి. మూడంగుళాలు కోసి, మొగ్గలు తుంచి, కింది ఆకులు తీసేసి, తడి ఇసుక ఉన్న కప్పుల్లో గుచ్చి నీడన పెట్టాను. మూడు వారాలకు ఒకటి వేరు పోసుకుంది, రెండోది పోయింది. మొక్క మొత్తం పోయిందని పారేసే ముందు కొసలు చూసుకోండి. గడ్డలో సగమే కుళ్లితే తెల్లటి కండ కనపడేదాకా కోసేసి, లీటరు నీళ్లకు మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు కలిపి ముంచి, ఆరబెట్టి కొత్త మట్టిలో పెట్టొచ్చు. ఆమెతో ఒకటే అన్నాను: "చెయ్యి మంచిదే అమ్మా, చెంబే పెద్దది."

మిగతావి గబగబా చెప్పేస్తాను.

డాలియా ఊటీలో తప్ప బతకదంటారు. మెక్సికో కొండల మొక్క కాబట్టి చల్లదనం ఇష్టమే, కానీ మన అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దానికి చక్కగా సరిపోతుంది. ఏప్రిల్‌లో పెట్టి పూయలేదంటే నేనేం చెయ్యను. ఎండ ఐదారు గంటలు తగలాలి. చల్లని మొక్క కదా అని హాల్లో టీవీ పక్కన పెట్టకండి.

యూరియా వేస్తే పూలు విరగబూస్తాయన్నది పొలం అలవాటు. ఆకు విరగకాస్తుంది, పువ్వు రాదు. చిటికెడు ఎక్కువైతే వేరు మాడుతుంది.

చిగురు తుంచితే ఎదుగుదల ఆగుతుందని భయం. నాలుగు జతల ఆకులు రాగానే కొస తుంచండి, పక్క కొమ్మలు వచ్చి కుండీ నిండుతుంది. వాడిన పువ్వు కూడా తుంచాలి, లేకపోతే శక్తంతా గింజకు పోతుంది. ఇక్కడ చాలామంది పొరపాటున మొగ్గలు తుంచేస్తారు. కొత్త మొగ్గ గుండ్రంగా బొత్తాంలా ఉంటుంది, రేకులు రాల్చుకుని ముడుచుకున్నది కొస తేలి కోసుగా ఉంటుంది. ఒకసారి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇక జన్మలో మరిచిపోరు.

నీలం డాలియా గింజలు అని ఆన్‌లైన్లో అమ్ముతారు. అసలు సిసలు నీలం డాలియా ప్రపంచంలోనే లేదు, ఫోటోకు రంగేశారు. మీ ఇంటి ఎర్ర డాలియా గింజ పెడితే ఎర్రదే వస్తుందనీ లేదు, ఏ రంగైనా రావచ్చు. అదే రంగు కావాలంటే గడ్డ గానీ కొమ్మ గానీ పెట్టాలి.

కింది ఆకులు ఒకటి రెండు పసుపు పడితే టెన్షన్ పడకండి, ముసలి ఆకులు అవి. ఎండలు ముదిరాక ఆకుల అడుగున సాలెగూడు లాంటి సన్నటి దారాలు కనపడితే మాత్రం ఎర్రనల్లి అనే సన్న పురుగు పట్టినట్టు. ఆకు అడుగు భాగాన్ని నీటి జల్లుతో కడిగి, సాయంత్రం పూట వేపనూనె కొట్టండి. మిట్టమధ్యాహ్నం కొడితే ఆకు మాడుతుంది.

మార్చిలో మొక్క ఎండిపోతే చచ్చిపోయిందని కుండీతో సహా పారేస్తారు. ఇది కూడా ఖరీదైన పొరపాటే. పైన ఎండింది, కింద గడ్డ నిద్రపోతోంది. ఆకులు పసుపు పడగానే నీళ్లు తగ్గించుకుంటూ పోయి, కాడను నాలుగంగుళాలు ఉంచి కోసేయండి. కుండీని అలాగే మెట్ల కింద నీడలో, వాన తడవనిచోట పెట్టేయండి. మన మే నెల ఎండలకు గడ్డ మరీ వడలిపోకుండా పది పదిహేను రోజులకోసారి పైపైన చిలకరిస్తే చాలు. వానాకాలంలో చిగురు కనపడ్డాక మెల్లగా నీళ్లు మొదలుపెట్టండి, ఆ చిగుళ్లనే సెప్టెంబర్లో కోసి కొత్త మొక్కలు చేసుకోవచ్చు. గడ్డలు విడదీసి నాటేవాళ్లు ఒకటి చూసుకోవాలి. ఆలుగడ్డకు ఎక్కడపడితే అక్కడ కళ్లుంటాయి, డాలియాకు మెడ దగ్గరే, పాత కాడ అంటుకున్నచోటే ఉంటాయి. మెడ విరిగిన గడ్డ ఎంత లావున్నా మొలవదు.

గడ్డ విషమా అని కూడా అడుగుతారు. మనిషికి కాదు, మెక్సికోలో తిన్న చరిత్రే ఉంది. కుక్క, పిల్లి కొరికితే కాస్త వాంతులు, చర్మం దురద ఉండొచ్చు కాబట్టి వాటికి అందనీయకండి. ఒక ఏడాది ఎండలు ముందే ముదిరి, శివరాత్రి నాటికే గడ్డలు తవ్వి గంపలో ఆరబెట్టాను. మా అమ్మ వాటిని ఉపవాసానికి తెచ్చిన మొరంగడ్డలు (చిలగడదుంపలు) అనుకుని కడిగి కుక్కర్లో పెట్టేసింది. మందు కొట్టినవి, తినొద్దని నేను పరుగెత్తుకొచ్చేసరికి మూడు విజిల్స్ అయిపోయాయి. అందులో ఉన్నవన్నీ పసుపు రంగువే. మరుసటి ఏడాది మా నర్సరీలో పసుపు డాలియా లేదు.