ఆవు పొట్టలో తీగముక్క

పిల్లలకు,

పలమనేరు వైపు టమాటా కోతలయ్యాక కర్రలు పీకి ఇనుప తీగలు చుట్టేస్తారు. తెగిన ముక్కలు చేలోనే ఉండిపోతాయి. అక్కడ మేసిన ఆవు వాటినీ మింగుతుంది. మేక పెదవులతో ఏరుకుని తింటుంది. ఆవు అలా కాదు, ముందు మింగి తర్వాత తీరిగ్గా నెమరేస్తుంది.

ఇనుము బరువుకు తీగ తేనెపట్టు పొట్టలో చేరుతుంది. ఆవు పొట్టకుండే నాలుగు అరల్లో అన్నిటికన్నా ముందుండేది అదే. ఆ గోడ ముడుచుకున్నప్పుడల్లా మొన లోపలికి దిగుతుంది. దానికి ముందు డయాఫ్రం, అంటే పొట్టనూ ఛాతీనీ వేరుచేసే కండర పొర, అది దాటితే గుండె.

పడే చిల్లు చిన్నదే. ప్రమాదమంతా దాంట్లోంచి కారే మేతరసంతో, క్రిములతో. పేగుల్ని కప్పి ఉండే పల్చటి పొర వాచి, నీరూ చీమూ చేరతాయి. ఆవు రక్తంలోంచి ఫైబ్రిన్ అనే, రక్తాన్ని గడ్డకట్టించే పదార్థం దండిగా ఊరి బంకలాగా ఆ చోటును మూసేస్తుంది, అందుకే మనకు కొన్ని రోజుల వ్యవధి దొరుకుతుంది. గుర్రానికి ఆ వ్యవధి ఉండదు. వాంతి చేసుకోలేదు కనక ఉబ్బరం మితిమీరితే జీర్ణాశయమే పగిలి, గంటల్లో షాక్‌తో పోతుంది. పగిలిన వెంటనే కాసేపు నొప్పి తగ్గినట్టు నిలబడుతుంది. నయమైందని మోసపోయేది అక్కడే! మామిడి కాలంలో కుక్కలు టెంకలు మింగుతాయి. టెంక అడ్డంపడిన చోట పేగుకు రక్తం అందక కుళ్లి చిల్లుపడుతుంది.

తీగ గుచ్చుకున్న ఆవు పాలు ఒక్కపూటలో పడిపోతాయి. నెమరు ఆగుతుంది. వెన్ను పైకి వంచి, ముంగాళ్ల మోచేతులు ఎడంగా పెట్టి నిలుచుంటుంది, పల్లం దిగమంటే మూలుగుతుంది. మామూలుగా 101.5 ఫారెన్‌హీట్ ఉండే వేడి 103, 104కు పోతుంది. మూపు దగ్గర చర్మాన్ని గట్టిగా పట్టుకుంటే ఆరోగ్యంగా ఉన్న ఆవు వెన్ను దించుతుంది. ఇది దించదు.

అప్పుడు ఆముదం పట్టడం, నడిపించడం వద్దు. ముంగాళ్ల కింద జానెడు ఎత్తు వేసి కదలకుండా కట్టి, డాక్టరును పిలవండి. పొట్టలోకి అయస్కాంతం వేసి, యాంటీబయోటిక్ ఇస్తారు. రెండు మూడు రోజుల్లో మార్పు లేకపోతే ఎడమ డొక్క కోసి, అరల్లో అన్నిటికన్నా పెద్దదైన పెద్దపొట్టలోంచి చెయ్యి పెట్టి తీగ లాగుతారు. మెడ నరం ఉబ్బి, గంగడోలు నీరు పట్టిందంటే మొన గుండెదాకా వెళ్లినట్టే. ఆపైన బతికేవి తక్కువ.

తిరుపతిలో పశువైద్యం చదవాలనుకునేవాళ్లకు ఇంకో మాట. చచ్చాక గ్యాసుతో ఉబ్బి కూడా పొట్ట పగులుతుంది. చిల్లు అంచుల్లో రక్తం ఇంకి, పొరమీద ఫైబ్రిన్ అతుక్కుని ఉంటే బతికుండగా పగిలింది. అంచులు పాలిపోయి, పొర నున్నగా మెరుస్తుంటే ప్రాణం పోయాక పగిలింది.

ఇట్లు,
మీ తాత